టాయిలెట్ ట్యాంకు తనంతట తనే నిండుతుంటే

అమెరికా వచ్చిన కొత్తలో చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఎవరూ ఫ్లష్ చేయకపోయినా అర్ధరాత్రి ట్యాంకు బుస్సుమంటూ నిండుతోంది, ప్లంబర్‌ని పిలవాలా?

అద్దె అపార్ట్‌మెంట్ అయితే మీరు విప్పకండి. మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి, అదీ రాతలో. చిన్నదానికి వాళ్లనేం ఇబ్బంది పెడతాంలే అని మొహమాటపడొద్దు. ఇలా కారే టాయిలెట్ రోజుకి 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్లు పారబోయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. నీళ్ల బిల్లు మీదే అయితే ఆ డబ్బూ మీదే.

సొంత ఇల్లయితే ముందు లీకు ఎక్కడో చూడండి. కేసరిలో వేసే ఫుడ్ కలర్ నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఆగండి. కింద టాయిలెట్ గిన్నెలో రంగు కనబడితే ఫ్లాపర్, అంటే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత, సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట. అలా కాక, ట్యాంకు లోపల ఉండే నిలువు గొట్టం పైఅంచు నుంచి నీళ్లు లోపలికి పోతుంటే ఫ్లోట్, అంటే నీళ్లతో పాటు పైకి తేలే భాగం, కాస్త కిందికి దించండి. నీటిమట్టం ఆ అంచుకి ఒక అంగుళం కింద ఉండాలి.

ట్యాంకులో చెయ్యి పెట్టడానికి మనవాళ్లు జంకుతారు. అందులో ఉండేవి కుళాయి నీళ్లే. ఫ్లాపర్ మార్చాలంటే ముందు గోడ దగ్గరి నీళ్ల వాల్వు కుడివైపు తిప్పి కట్టేయండి. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి, పాత వాల్వు విరిగితే బాత్రూమంతా నీళ్లే. తర్వాత ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. పాత ఫ్లాపర్‌ని రెండు పక్కల నుంచీ ఊడదీయండి. పాడైనదైతే వేళ్లకి నల్లగా అంటుకుంటుంది. దాన్నే కవర్లో వేసుకుని హోమ్ డిపో, లోస్ లాంటి ఇంటి సామాన్ల దుకాణానికి వెళ్లండి, ఎందుకంటే వీటిలో 2 అంగుళాలవి, 3 అంగుళాలవి వేరువేరు. పది డాలర్ల లోపే దొరుకుతాయి.

కొత్తది పెట్టే ముందు అది కూర్చునే అంచు మీద వేలితో రాసి చూడండి. గరగరలాడితే తుడిచేయండి. ఫ్లాపర్‌ని ఫ్లష్ హ్యాండిల్‌కి కలిపే గొలుసు అర అంగుళం వదులుగా ఉంచండి. బిగువైతే మూత పడదు, మరీ పొడవైతే మూత కిందే ఇరుక్కుంటుంది. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు మానేయండి, అవి రబ్బరుని తినేస్తాయి.

టాయిలెట్ అడుగు చుట్టూ, నేల మీద నీళ్లు ఊరుతుంటే మాత్రం అది ఫ్లాపర్ పని కాదు. అడుగున ఉండే మైనపు రింగు పోయి ఉండొచ్చు. దానికి టాయిలెట్ మొత్తం పైకెత్తాలి కాబట్టి అప్పుడు ప్లంబర్‌ని పిలవండి.