బాకీయా, బకాయా?

సందేహం: జీఎస్టీ పరిహారం గురించి ఒక పత్రిక ‘రాష్ట్రాలకు కేంద్రం బాకీ’ అని, ఇంకొకటి ‘బకాయిలు’ అని రాసింది. ఏది సరైనది? ‘సెటిల్‌మెంట్’కు తెలుగు మాట ఏది? – ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: మీరడిగింది పరిహారం గురించే గానీ నా మనసు బాకీ దగ్గరే ఆగిపోయింది. చెన్నై వచ్చిన కొత్తలో మైలాపూరులో కొబ్బరికాయలు కొని వంద నోటిస్తే, కొట్టతను ‘బాక్కి వాంగిక్కోంగ’ అన్నాడు. పాత బాకీ ఏదో అడుగుతున్నాడనుకుని కాస్త గట్టిగానే మాట్లాడాను. తీరా చూస్తే ముప్ఫై రూపాయల చిల్లర చేత్తో పట్టుకుని నాకిద్దామని నిలబడ్డాడు పాపం, ‘మిగిలింది తీసుకోండి’ అన్నాడన్నమాట. అరబ్బీలో బాకీ అంటే మిగిలినది, అంతే. తమిళం, మీ ఊరి కన్నడం ఆ అర్థాన్ని అట్టే పెట్టుకున్నాయి, కన్నడిగులు మిగిలిపోయిన పనిని కూడా ‘బాకి ఇదె’ అంటారు కదా, మనవాళ్లు మాత్రం దాన్ని అప్పుల ఖాతాలోకి తోసేశారు. బకాయిదీ ఆ ధాతువే. అరబ్బీలో ‘బకాయా’ అంటేనే బహువచనం, మనం దానికి మళ్లీ ‘లు’ తగిలించాం. ఇప్పుడు తీసేయమనను, నోటికి అలవాటైపోయింది.

వాడుకలో బాకీ అంటే ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది ముఖ్యం, బకాయి అంటే గడువు దాటడం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు, రాష్ట్రాలకు 2015–16 రాబడి మీద ఏటా 14 శాతం పెరుగుదల రాకపోతే ఆ లోటు కేంద్రం ఐదేళ్లపాటు పూడుస్తుందని, రెండు నెలలకోసారి ఇస్తుందని చట్టంలోనే రాసుకున్నారు కాబట్టి, ఆ గడువు దాటినదాన్ని బకాయి అనడమే నాకు నచ్చుతుంది. బాకీ తప్పని మాత్రం అనలేను. అయితే కేంద్రం రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నుల్లో ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతాన్ని బాకీ అనకండి, అది వాటా. అన్నదమ్ముల పంపకంలో తమ్ముడి పాలు అన్న పడ్డ బాకీ అవుతుందా? 2022 మే 31న కేంద్రం పరిహారం కింద 86,912 కోట్లు ‘విడుదల చేసింది’ అని కూడా రాశారు. డబ్బేమన్నా జైల్లో ఉందా? ‘ఇచ్చింది’ అంటే ఏం పోయింది!

సెటిల్‌మెంట్ అంటే ఇప్పుడు స్థలాల దందాలే గుర్తొస్తాయి. జమాబందీ అని పాత మాటుంది, తమిళనాడు తాలూకా ఆఫీసుల్లో ఇప్పటికీ ఏటా జరుగుతుంది, కానీ అది భూమి శిస్తు లెక్కలది. చెన్నై వ్యాపారి మీ బెంగళూరుకు సరుకు అమ్మితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే జీఎస్టీ, ముందు కేంద్రం చేతికి వెళ్లి, అందులో రాష్ట్రపు భాగం సరుకు వాడుకున్న కర్ణాటకకు చేరుతుంది. దానికి ‘సర్దుబాటు’ చాలు. మధ్యలో తగాదా కూడా ఉంటే ‘లెక్క తేల్చుకోవడం’ అనండి.