లేజర్ తగిలితే చల్లబడటమా?

ప్రశ్న: మాస్టారూ, లేజర్‌తో ఇనుప రేకులు కోస్తారు కదా. అదే లేజర్‌తో పరమాణువులను చల్లబరుస్తారని, వాటితో ఘనపదార్థాల గుట్టు తెలుసుకుంటారని చదివాను. కంప్యూటర్లు ఉండగా ఇంత తిప్పలెందుకు?
– బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: రేకులు కోసే లేజర్‌కు బలం కావాలమ్మా. ఇక్కడ కావలసింది రంగు. రుబీడియం అనే లోహపు పరమాణువు 780 నానోమీటర్ల కాంతిని ఇష్టంగా మింగుతుంది. లేజర్‌ను దానికి వెంట్రుకవాసి ఎరుపు వైపు జరుపుతారు. ఎదురుగా వచ్చే రైలు కూత కీచుగా వినిపిస్తుంది చూడు, అలాగే లేజర్‌కు ఎదురొచ్చే పరమాణువుకు ఆ తేడా పూడిపోయి కాంతి అందుతుంది, దెబ్బ తగులుతుంది. గది వేడిలో దాని వేగం సెకనుకు సుమారు 300 మీటర్లు. ఒక్కో దెబ్బకు తగ్గేది సెకనుకు 6 మిల్లీమీటర్లే. అంటే యాభై వేల దెబ్బలు! అయినా కొన్ని మిల్లీసెకన్లలో తగిలేస్తాయి. వేగం తగ్గడమే చల్లబడటం.

ఆ తర్వాతి పని నేను రోజూ సాసర్‌లో టీ చల్లార్చుకునే పద్ధతే: వేడివాటిని ఎగిరిపోనివ్వడం. 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ బృందం ఇలాగే 170 నానోకెల్విన్లకు, అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో పదిలక్షల వంతు కూడా లేనంత దగ్గరకు దిగింది. రెండు వేల పరమాణువులు ఒకే తరంగంలా నడిచాయి. ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఐన్‌స్టైన్‌కు పంపిన వ్యాసంతో మొదలైన ఊహ అది.

అలాంటి ప్రయోగశాల ఒకటి నేనూ చూశాను. మంచమంత బల్ల నిండా చిన్న చిన్న అద్దాలు, నడుమ అరచేతిలో పట్టే గాజుపెట్టె. తలుపు గట్టిగా వేశానని ఒక కుర్రవాడు నన్ను కసిరాడు. ఆ అదురుకు లేజర్ రంగు తప్పిందట!

ఇక కంప్యూటర్ సంగతి. ఘనపదార్థం గుట్టు దానిలోని ఎలక్ట్రాన్ల నడతలో ఉంది. ఒక్కో ఎలక్ట్రాన్ స్పిన్‌కు (దానిలోని బుల్లి అయస్కాంతం లాంటి గుణానికి) రెండే స్థితులనుకో. మూడు వందల ఎలక్ట్రాన్లకు కంప్యూటర్ లెక్కలోకి తీసుకోవలసిన స్థితులెన్నో తెలియాలంటే 2ను మూడు వందల సార్లు వేసి గుణించాలి. విశ్వంలో కనిపించే పరమాణువుల లెక్క కూడా దాని ముందు చిన్నదే. అందుకే లెక్క కట్టే బదులు నమూనా కడతారు: ఘనపదార్థపు అల్లికకు బదులు ఎదురెదురు లేజర్లతో వామనగుంటల పీటలాంటి కాంతి గుంతలు చేసి, ఎలక్ట్రాన్లకు బదులు పరమాణువులను చింతపిక్కల్లా పరుస్తారు. గుంతలు లోతు లేకపోతే అవి ఒకదాని నుంచి మరొకదానికి జారిపోతుంటాయి. లేజర్ బలం పెంచితే గుంతకు ఇన్ని చొప్పున కదలకుండా ఉండిపోతాయి. మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లాక్, హెన్ష్ బృందం 2002లో చూపింది ఇదే. ఘనపదార్థంలో ఈ లోతు మన చేతిలో ఉండదు. ఇక్కడ మీట తిప్పితే చాలు.

అయితే ఎలక్ట్రాన్ వేషానికి రుబీడియం-87 పనికిరాదు. దానిలోని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే 124, సరిసంఖ్య. అలాంటివి ఒకే స్థితిలో ఎన్నయినా గుమికూడతాయి. ఎలక్ట్రాన్లు అలా చేరవు. అందుకే లిథియం-6ను తెస్తారు. ఎందుకో నువ్వే కూడి చూడు.