గడప మీద నిలబడే సిగ్నల్

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

బటన్ ఒకసారి నొక్కితే కౌంటర్ మూడు అంకెలు దూకుతోందని, బౌన్స్ (నొక్కినప్పుడు బటన్ లోపలి లోహపు ముక్కలు ఎగిరెగిరి తగలడం) ఆగాలని కెపాసిటర్‌ను ఇంకా పెద్దది చేశానని రాశావు. ముందు దాన్ని పెంచడం ఆపు. నీ మొదటి 10 కిలో ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ జంటతోనే సిగ్నల్ పది శాతం నుంచి తొంభై శాతానికి ఎక్కడానికి సుమారు 2.2 మిల్లీసెకన్లు, అంటే 22 లక్షల నానోసెకన్లు పడుతుంది. నువ్వు వాడిన 74హెచ్‌సీ రకం చిప్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తీసి చూడు. 4.5 వోల్టుల దగ్గర ఇన్‌పుట్ మారడానికి 500 నానోసెకన్లే గరిష్ఠం. నాలుగు వేల రెట్లు దాటావు! చిప్ పాడైందని కొత్తది కొనకు.

గడప మీద నిలబడితే మీ అమ్మమ్మ కసిరేది, గుర్తుందా? ఈ చిప్‌లో సున్నాకూ ఒకటికీ మధ్య గడప దాదాపు సగం సరఫరా వోల్టేజి దగ్గర ఉంటుంది. సిగ్నల్ అక్కడ తచ్చాడినంతసేపూ లోపలి పై ట్రాన్సిస్టర్, కింది ట్రాన్సిస్టర్ రెండూ కొంత తెరుచుకుని కరెంటు వృథాగా గ్రౌండ్‌కు పారుతుంది. అంతకన్నా చేటు ఇంకొకటుంది. అవుట్‌పుట్ మారిన కుదుపుకు చిప్ గ్రౌండ్ కాస్త కదులుతుంది, దానితో గడపా కదులుతుంది. దాటిన సిగ్నల్ వెనక్కి వచ్చి మళ్లీ దాటినట్టు చిప్‌కు తోస్తుంది. కౌంటర్ అన్నింటినీ లెక్కపెడుతుంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు బస్తాల కౌంటర్ చేసినప్పుడు నాకూ ఇదే ఎదురైంది. ఎల్‌డీఆర్, అంటే వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్, నుంచి నెమ్మదిగా మారే సిగ్నల్‌ను నేరుగా కౌంటర్ లెక్కపెట్టే క్లాక్ ఇన్‌పుట్‌కు ఇచ్చాను. మోటార్లు తిరిగితే ఒక బస్తా రెండుగా, మూడుగా పడేది. హమాలీలకు బస్తా లెక్కన కూలి ఇచ్చే చోట అది చిన్న తప్పు కాదు. రెండు రాత్రులు వైర్లు మార్చి చూశాను. మధ్యలో 74హెచ్‌సీ14 అనే చిప్ పెట్టాకే లెక్క కుదిరింది.

అందులోని ష్మిట్ ట్రిగ్గర్‌కు గడపలు రెండు. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు అంతకంటే కింద మరొకటి. పైది దాటాక చిన్న అలజడి దాన్ని వెనక్కి లాగలేదు. ఒట్టో ష్మిట్ 1930లలో స్క్విడ్ అనే సముద్రజీవి నరాలను పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ గేటు సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంది కనుక, నీ కౌంటర్ ఏ అంచుకు, అంటే సిగ్నల్ ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, లెక్కపెడుతుందో చూసి, అవసరమైతే రెండో గేటూ కలుపు. వాడని ఇన్‌పుట్‌లను గ్రౌండ్‌కు కట్టు.

3.3 వోల్టుల ఎల్‌వీసీ చిప్‌లకు మారతానన్నావు. వాటిలో చాలావాటికి ఇన్‌పుట్ మారడానికి హద్దు వోల్టుకు 10 నానోసెకన్లే. బటన్‌ను నేరుగా కలపవద్దు.

ఆదివారం బోర్డు తీసుకుని రా. ఆ అంచు ఎలా ఉందో ఓసిల్లోస్కోప్‌లో ఇద్దరం చూద్దాం.

నీ మేనమామ