పాత పికప్‌కి క్రాస్‌లు, సెంటర్ బేరింగ్, క్లచ్ కొనేముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: వెనక చక్రాలకు డ్రైవ్ ఉన్న పాత పికప్. గేరు వేయగానే కింద టక్‌మంటోంది, వేగం పెరిగితే బండి నేల వణుకుతోంది, క్లచ్ కూడా జారుతోంది. పార్టులు కంపెనీవి కొనాలా, బయటివా, తుక్కు బండి నుంచి తీసినవా?

నేను నడిపేదీ అలాంటి పాత బండే. బ్రాండ్ గురించి తర్వాత ఆలోచిద్దాం, ముందు బండి కింద ఇప్పుడు ఏముందో కొలవండి. ఇంత పాత బండికి ఎప్పుడో ఎవరో యాక్సిల్ మార్చి ఉండొచ్చు, వేరే బండి షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా వెళ్లి దాన్ని తిప్పే పొడవాటి గొట్టం) వేసి ఉండొచ్చు. మోడలూ సంవత్సరమూ చెప్పి కొంటే ఫ్యాక్టరీలో వేసిన పార్టు వస్తుంది. ఇప్పుడు బండికి ఉన్నది అదే కావాలని లేదు.

క్రాస్ అంటే షాఫ్ట్ చివర్ని పక్క భాగానికి కలిపే ప్లస్ ఆకారపు ముక్క, దాని నాలుగు చేతులకూ బేరింగ్ కప్పులుంటాయి. నా బండి వెనక క్రాస్ సంగతే చూడండి. నాలుగు కప్పులూ ఒకే వ్యాసం, 27 మిల్లీమీటర్లు. వెర్నియర్ పెట్టి కప్పు అంచు నుంచి ఎదుటి కప్పు అంచు దాకా కొలిస్తే షాఫ్ట్ వైపు జత దాదాపు 82, యాక్సిల్ వైపు జత 92. అంటే స్పైసర్ కంపెనీ క్రాస్ సైజుల లెక్కలో షాఫ్ట్ 1310ది, యాక్సిల్ 1330ది. నాకంటే ముందున్న ఓనర్ యాక్సిల్ మార్చి, రెండు సైజులూ కలిసిన క్రాస్ వేయించాడన్నమాట. అలాంటివి విడిగా అమ్ముతారు. కాబట్టి రెండు వైపులా కొలవండి. కప్పు ఊడకుండా పట్టే లాక్ రింగ్ దాని బయటి అంచున పడుతుందా, లోపలి గాడిలో పడుతుందా అన్నదీ రాసుకోండి.

కప్పు ఊడదీసి లోపల వేలితో తుడిచి చూడండి. గ్రీజు బదులు ఎర్రటి తుప్పు పొడి వస్తే, క్రాస్ చేతుల మీద సూది రోలర్ల గీతలు గోటికి తగిలితే, టక్‌మనే చప్పుడు అక్కడిదే అయ్యే అవకాశం ఎక్కువ. గ్రీజు నిపుల్ ఉన్నది కొనాలా, సీల్ చేసింది కొనాలా అంటే, అది మీ అలవాటును బట్టి. గ్రీజు గన్ పట్టుకుని బండి కిందికి దూరే ఓపిక ఉంటే నిపుల్ ఉన్నదే మేలు, బురదా నీళ్లూ బయటికి పోతాయి. ఆ ఓపిక లేకపోతే సీల్ చేసిందే తీసుకోండి. లోపల గ్రీజు దారి కోసం రంధ్రం ఉండదు కాబట్టి కాస్త గట్టిది కూడా.

వణుకుకి మాత్రం క్రాస్ ఒక్కటే కారణం అనుకోకండి. షాఫ్ట్ రెండు ముక్కలదైతే దాన్ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు చీలిందేమో చూడండి. దాని బ్రాకెట్ కింద షిమ్‌లు, అంటే ఎత్తు సరిచేసే పలుచటి రేకులుంటే పారేయకండి, షాఫ్ట్ కోణం సరిగా ఉండేది వాటి వల్లే. విప్పేముందు షాఫ్ట్ మీదా, అది బిగిసే ఫ్లాంజ్ (బోల్టుల పళ్లెం) మీదా, ముక్కలు కలిసే చోటా పెయింట్‌తో గుర్తు పెట్టి, మళ్లీ అలాగే బిగించండి. ముక్కలు కలిసే చోటి పళ్లలో ఒక పన్ను అటూ ఇటూ అయితే కొత్త క్రాస్ వేసినా వణుకు పోదు.

ఇక కొత్తదా పాతదా అన్న విషయం. తిరుగుతూ అరిగేవి, అంటే బేరింగులు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు, క్రాస్‌లు కొత్తవే కొనండి, పేరున్న బేరింగ్ కంపెనీవైతే బండి కంపెనీ డబ్బా అక్కర్లేదు. హౌసింగ్ (బయటి పెట్టె), యోక్ (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) లాంటి దిట్టమైన ముక్కలు తుక్కు బండివైనా ఫరవాలేదు. కానీ యోక్ మీద సీల్ ఆనే చోట గాడి పడి ఉంటే కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతుంది. వెనక యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్‌లో ఉండే క్రౌన్, పినియన్ గేర్లు మాత్రం ఎప్పుడూ జతగానే మార్చాలి. పళ్లు లెక్కపెట్టి రేషియో చూసుకోండి: క్రౌన్‌కి 41, పినియన్‌కి 11 అయితే 3.73; 41కి 10 అయితే 4.10.

క్లచ్ విషయంలో పీనాసితనం పనికిరాదు. గేర్‌బాక్స్ దించే శ్రమే అసలు ఖర్చు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ అన్నీ ఒకేసారి మార్చేయండి. ప్లేటు ఆనే ఫ్లైవీల్‌కి ఫేసింగ్ చేయించండి, అంటే దాని ముఖం చదును చేయించండి. ఇంజిన్ వెనక సీల్ తడిగా ఉంటే అదీ అప్పుడే మార్చాలి, లేదంటే ఆ ఆయిల్ కొత్త ప్లేటు మీదే పడుతుంది.

గేర్‌బాక్స్‌కీ డిఫరెన్షియల్‌కీ ఒకటే ఆయిల్ అనుకుని ఒకే డబ్బా తేకండి. డిఫరెన్షియల్‌కి మామూలుగా జీఎల్-5 అనే రకం గేర్ ఆయిల్ కావాలి. పాత మాన్యువల్ గేర్‌బాక్సులు చాలావాటికి జీఎల్-4 చెబుతారు, ఎందుకంటే కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని రసాయనాలు గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. బండి మాన్యువల్‌లో ఏముందో చూసి కొనండి. పాత ఆయిల్ వదిలేముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి, తుప్పు పట్టి అది రాకపోతే ఆయిల్ లేని బండి ముందు కూర్చోవాల్సి వస్తుంది.