అంకెలకు రూపు కట్టే పని ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. బొమ్మలు వేయడమూ ఇష్టమే. డేటా విజువలైజేషన్‌లో (అంకెల్ని బొమ్మలుగా చూపే పనిలో) స్థిరపడాలనుంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు గ్రాఫ్ పుస్తకం, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొనండి. వెటకారం కాదు. న్యూయార్క్‌లో జార్జియా లూపి, లండన్‌లో స్టెఫనీ పోసవెక్ అనే డిజైనర్లు ఏడాదిపాటు వారానికో పోస్టుకార్డు రాసుకున్నారు. ఒక వారం గడియారం ఎన్నిసార్లు చూశారో, ఇంకో వారం ఎన్నిసార్లు సణిగారో లెక్కపెట్టి, చేత్తో బొమ్మ గీసి, దాన్నెలా చదవాలో వెనక రాసేవారు. ఆ కార్డులు 2016లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు చేరాయి.

మీరు ఇంటి కుళాయితో మొదలుపెట్టండి. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడాగాయి, ఎన్ని బిందెలు నిండాయి, ఎవరు మోశారు... నెలరోజులు రాయండి. రోజుకో వరస, అడ్డంగా గంటలు. నీళ్లొచ్చినంతసేపూ నీలం గీత. బిందెకో చుక్క: అమ్మ మోస్తే ఒక రంగు, మీరైతే ఇంకోటి, నాన్నగారైతే మూడోది. (ఆ మూడో రంగు ఎన్నిచోట్ల పడుతుందో చూద్దాం!) రోజుకు సగటున ఇన్ని నిమిషాలని తేల్చేస్తే, చుక్క నీరు రాని రోజులు అందులో కలిసిపోతాయి. బొమ్మలో ఖాళీ వరస ఎక్కడికీ పోదు.

అందం కోసం బిందె బొమ్మలనే చిన్నా పెద్దా చేసి సంఖ్య చూపాలనిపిస్తుంది. వద్దు. సంఖ్య రెట్టింపైందని ఎత్తూ వెడల్పూ రెండూ రెట్టింపు చేస్తే బొమ్మ నాలుగింతలవుతుంది. పైగా మన కన్ను పొడవుల్ని పోల్చినంత కచ్చితంగా వైశాల్యాల్ని పోల్చలేదు. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి మరీ ఈ సంగతి చూపించారు.

ఇక సాఫ్ట్‌వేర్. డేటార్యాపర్, ఫ్లరిష్ అనే ఆన్‌లైన్ చార్టు సాధనాలను కోడింగ్ లేకుండానే, డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. మీది స్టాటిస్టిక్స్ కాబట్టి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, అందులో గ్రాఫులు గీసే జీజీప్లాట్2 నేర్చుకోండి. కంపెనీలు ఎక్కువగా అడిగేవి పవర్ బీఐ, టాబ్లో. ఉద్యోగాలున్నాయి. కానీ ఉన్నమాట చెప్పాలంటే మొదటిది అమ్మకాల డ్యాష్‌బోర్డులు (అంకెలూ చార్టులూ ఒకే తెరపై చూపేవి) చేసే కొలువే కావచ్చు. చేయండి, తప్పులేదు. గజిబిజి డేటాను శుభ్రం చేయడం అక్కడే వస్తుంది.

డిజైన్ వైపే వెళ్లాలంటే, మూడేళ్ల డిగ్రీ చివరి ఏడాదిలో సీడ్ (ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్ పీజీకి ప్రవేశపరీక్ష) రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డెస్ అనే ఆ పీజీ కోర్సు ఉంది. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో ఇన్ఫర్మేషన్ డిజైన్ కోర్సు ఉంది, దానికి వేరే ప్రవేశపరీక్ష. సీడ్ మామూలుగా జనవరిలో జరుగుతుంది కాబట్టి చివరి ఏడాది అక్టోబరు నుంచే ప్రకటనలు గమనిస్తుండండి.