“ఎవరు రాశారు సార్?”

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ సెమినార్లో గంటసేపు నువ్వే మాట్లాడతావనీ, మధ్యలో వయొలిన్ కూడా వాయిస్తావనీ అమ్మ చెప్పింది. యూరప్ జ్ఞానోదయ యుగం తొలినాళ్లలో సంగీతం, సైన్సు, రాజకీయం! గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. మైకు ముందే చూసుకో, గంట దాటనివ్వకు.

సైన్సుకి న్యూటన్‌ని పట్టుకో. 1704లో వచ్చిన ‘ఆప్టిక్స్’లో ఆయన ఇంద్రధనుస్సు రంగుల్ని స్వరాల మధ్య దూరాల లెక్కన ఏడుగా పంచాడు. మొదట ఐదే అన్నవాడు నారింజ, ఇండిగో తరవాత చేర్చాడు. మన సప్తస్వరాలూ అవేనని మాత్రం అనేయకు. చప్పట్లు పడతాయి గానీ ఆ లెక్క వాళ్ల స్కేలుది. పారిస్‌లో నాదం మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త సొవ్యూర్‌నీ మరిచిపోకు. ఆయనకి గొంతూ లేదు, సంగీతం పట్టే చెవీ లేదు. సంగీతకారుల చెవులు అరువు తెచ్చుకుని నాదాన్ని కొలిచాడు. ఆయనంటే నాకు ప్రాణం.

ఇక రాజకీయం. నా భయమంతా ఇక్కడే, నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. హాలు నిండా పిల్లలు. సంగీతకర్త హ్యాండెల్ కథ ఎత్తుకున్నాను. జర్మనీలో హానోవర్ ప్రభువు కొలువులో సెలవు పెట్టి లండన్ వెళ్లి అక్కడే ఉండిపోయాడు, 1714లో ఆ ప్రభువే మొదటి జార్జిగా ఇంగ్లండ్ రాజై వచ్చాడు, ఆ కోపం చల్లార్చడానికి థేమ్స్ నది మీద తను కట్టిన ‘వాటర్ మ్యూజిక్’ వినిపించాడు, రాజు కరిగిపోయాడు. సినిమా కథలా చెప్పాను. చివరి బెంచీ కుర్రాడొకడు లేచి, “రాజుకి కోపం వచ్చిందని ఎవరు రాశారు సార్?” అన్నాడు. నాకు తెలీదు. ఆ మాట చెప్పలేక, “ముందు పాఠం విను, కూర్చో” అని కసిరాను. అందరూ నవ్వారు. వాడు నోట్సు మూసి, పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడాదంతా మళ్లీ నోరు విప్పలేదు.

తరవాత వెతికాను. ఆ కథ అచ్చయింది 1760లో, హ్యాండెల్ పోయిన మరుసటి ఏడు, మెయిన్‌వేరింగ్ రాసిన జీవితచరిత్రలో. అసలు రాజు ఇంగ్లండులో దిగిన నెలలోనే, 1714 సెప్టెంబరులో, ఆయన ఎదుటే రాజుగారి చాపెల్‌లో (ప్రార్థనామందిరంలో) హ్యాండెల్ స్తుతిగీతం పాడారు. ఇక కోపమెక్కడిది? పడవ విహారం 1717 జులై 17న. దాదాపు యాభైమంది వాద్యకారులు, రాజు అడిగి మూడుసార్లు వాయింపించుకున్నాడు. యువరాజు మాత్రం రాలేదు. అప్పటికి తండ్రీకొడుకులకి పడేది కాదు. రాజు జనం ముందు వెలిగిపోవాల్సిన అవసరం అందులో ఉందని నాకనిపిస్తుంది. చేతిలో ఇంత రాజకీయం పెట్టుకుని కట్టుకథ చెప్పాను చూడు.

ఎవరైనా అడిగితే, తెలీకపోతే, “చూసి చెప్తాను” అను. పేరు రాసుకో, చూసి చెప్పు. నీకూ మా ఇంటి కోపమే, ముక్కు మీదుంటుంది. తిట్టడం లేదు తల్లీ. మూడో తరగతిలో స్టేజీ మీద గొంతు పట్టేసి నావైపు చూశావు, అదే కళ్లముందు ఆడుతోంది.

శనివారం పొద్దున్న బండికి దిగుతాను. అత్తయ్య ఫ్లాస్కులో మిరియాల పాలు పంపిస్తోంది. ఎక్కేముందు తాగు.

మీ మావయ్య