నోట్‌బుక్‌లో గీసిన గీతలు పేపర్ అవుతాయా?

ప్రశ్న: ఎంఏ ఇంగ్లీష్ చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఆరు వారాలు తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకు పాఠాలు చెప్పాను. వారానికో వ్యాసం రాయించాను. ఒక సెక్షన్‌కి తప్పు ఉన్నచోట సరైన మాట నేనే రాసిచ్చాను. రెండో సెక్షన్‌కి తప్పు కింద గీత మాత్రం గీసి, వాళ్లనే దిద్దుకోమన్నాను. తిరగరాసినప్పుడు రెండు చోట్లా తప్పులు బాగా తగ్గాయి. దీన్ని పేపర్‌గా పంపితే పీహెచ్‌డీకి ఉపయోగపడుతుందని మా గైడ్ అంటున్నారు. ఈలోగా ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఫీజు కడితే మూడు రోజుల్లో ప్రచురిస్తారట. పంపమంటారా? పేపర్ రాసేంత ఇంగ్లీష్ నాకు వచ్చా అన్న టెన్షన్ కూడా ఉంది.

జవాబు: ముందు ఆ మెయిల్ సంగతి. దానికి పేపర్ పంపకండి. సరైన జర్నల్‌లో మొదట ఎడిటర్ చదువుతారు. బాగుందనిపిస్తే ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకు పంపుతారు. వాళ్లు చదివి, లోపాలు రాసి, మీరు సవరించి మళ్లీ పంపేసరికి నెలలు గడుస్తాయి. మూడు రోజుల్లో వేస్తామంటే మీ పేపర్‌ని ఎవరూ చదవరన్నమాట. డబ్బు పోవడం కన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకసారి అచ్చైన పేపర్‌ని మరో మంచి జర్నల్ తీసుకోదు. ఆరు వారాల మీ కష్టం అక్కడే ఆగిపోతుంది.

అలాగని ఫీజు అడిగే ప్రతి జర్నల్ మోసం కాదు. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ప్రచురించే మంచి జర్నల్స్ కూడా ఫీజు తీసుకుంటాయి. తేడా తెలుసుకోవడానికి 'థింక్ చెక్ సబ్మిట్' అనే ప్రశ్నల పట్టిక 2015 నుంచి ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంది. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు నిజంగా ఈ రంగంలో పనిచేస్తున్నారా, ఫీజు ఎంతో ముందే చెప్పారా, పాత సంచికలు చదవడానికి దొరుకుతున్నాయా, ఇవి చూడండి. నేనైతే వీటితోపాటు ఆ జర్నల్‌లో వచ్చిన రెండు పేపర్లు పూర్తిగా చదవమంటాను. చదివాక మీకే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. మీరు చేసిన పని చిన్నదేమీ కాదు. తప్పులు దిద్దడం వల్ల పిల్లల రాత మెరుగుపడుతుందా అన్న ప్రశ్న మీద ఈ రంగంలో చాలా ఏళ్లుగా వాదన నడుస్తోంది. 1996లో భాషా బోధన పరిశోధకుడు జాన్ ట్రస్కాట్ 'లాంగ్వేజ్ లెర్నింగ్' జర్నల్‌లో, రాతలో వ్యాకరణ తప్పులు దిద్దడం వల్ల ఉపయోగం లేదు, మానేయడమే మంచిదని రాశారు. 1999లో డానా ఫెర్రిస్ దానికి జవాబిచ్చారు. అన్ని తప్పులనూ ఒకే గాటన కట్టకూడదన్నారు. క్రియ కాలం, ఏకవచన బహువచనాల వంటివాటికి నియమం ఉంటుంది, గుర్తు చేస్తే విద్యార్థి దిద్దుకోగలడు. మాట ఎంపికలో తప్పుకి అలాంటి నియమం ఉండదు. టీచర్లు పుస్తకాల మీద గడిపే గంటలన్నీ ఈ వాదనలో ఉన్నాయి కాబట్టే ఇది నాకూ ఇష్టమైన విషయం.

ఇప్పుడు మీ ఫలితాన్ని ఆ వాదన పక్కన పెట్టి చూడండి. మొదటి సెక్షన్‌లో తప్పులు ఎందుకు తగ్గాయి? మీరు రాసిచ్చినదాన్ని వాళ్లు చూసి రాశారు. రెండో సెక్షన్ గీత చూసి ఆలోచించింది, నిజమే. కానీ అదే వ్యాసాన్ని బాగు చేసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. ట్రస్కాట్ అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది. మీరు పేపర్ పంపితే రివ్యూయర్ మొదట అడిగేది కూడా ఇదే: కొత్త వ్యాసం రాసినప్పుడు తప్పు తగ్గిందా?

ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంది. వారానికో వ్యాసం రాయించానన్నారు కదా. తిరగరాసిన ప్రతులు పక్కన పెట్టండి. మొదటి వారం మొదటి ప్రతినీ, ఆరో వారం మొదటి ప్రతినీ తీయండి. అవి ఎవరూ దిద్దకముందు రాసినవి. మీ పేపర్ వాటిలో ఉంది.

అన్ని తప్పులూ లెక్కపెట్టకండి. ఒకటి రెండు రకాలే తీసుకోండి, ఉదాహరణకి భూతకాల క్రియారూపాలు. జాన్ బిచెనర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో 75 మంది విద్యార్థులు 'ఎ', 'ద' ఆర్టికల్స్‌ని రెండే రెండు సందర్భాల్లో ఎలా వాడుతున్నారో చూశారు. కొత్తగా రాయించి చూశారు, రెండు నెలల తర్వాత మళ్లీ చూశారు. పరిధి అంత చిన్నదిగా పెట్టుకున్నారు కాబట్టే ఆ పేపర్ బలంగా నిలిచింది. కొత్తగా పేపర్ రాసేవాళ్లు చాలామంది విషయం పెద్దదైతే విలువ పెరుగుతుందనుకుని పరిధి పెంచేస్తారు, అక్కడే పట్టు జారిపోతుంది.

లెక్కలో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒకరు 80 పదాలు రాసి, ఇంకొకరు 200 రాస్తే తప్పుల సంఖ్యను నేరుగా పోల్చలేం. భూతకాలం రావాల్సిన చోట్లు ఎన్ని, వాటిలో సరిగ్గా రాసినవి ఎన్ని అని శాతం కట్టండి. కొన్ని వ్యాసాలు మీ స్నేహితురాలికిచ్చి, మీ లెక్క చూపించకుండా ఆమెతో విడిగా లెక్క వేయించండి. ఇద్దరి లెక్క ఎంతవరకు కలిసిందో పేపర్‌లో చెప్పాలి. రెండు సెక్షన్లు మొదటి వారంలోనే ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూపించాలి. నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే సంభావ్యత 0.05 కన్నా తక్కువని రాస్తే సరిపోదు, ఆ తేడా ఎంత పెద్దదో కూడా చెప్పాలి. దీన్ని 'ఎఫెక్ట్ సైజ్' అంటారు, అంటే రెండు సగటుల తేడాని ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే సంఖ్య. రెండు గుంపుల మధ్య తేడాకి ఈ రంగంలో ప్లాన్‌స్కీ, ఆస్వాల్డ్ 2014లో సూచించిన కొలతలు 0.40 చిన్నది, 0.70 మధ్యస్థం, 1.00 పెద్దది. ఫలితం చిన్నదైతే చిన్నదనే రాయండి. ఏ తేడా లేదని తేలినా అది కూడా ఫలితమే.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లలు మైనర్లు. వాళ్ల రాతను వాడుకోవడానికి స్కూల్ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల ఇష్టం మూడూ ఉండాలి. తీసుకోకపోతే ఈ రోజే గైడ్‌తో మాట్లాడండి, మీ సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉంటే వాళ్లనీ అడగండి. వద్దన్నవాళ్ల వ్యాసాలు తీసేయండి. పేర్లు ఎక్కడా రాకూడదు.

ఏ జర్నల్‌కి పంపాలో రాయడం మొదలుపెట్టకముందే నిర్ణయించుకోండి. 1946లో మొదలైన 'ఈఎల్‌టీ జర్నల్' తరగతి గదిలో పనిచేసే టీచర్ల కోసం చిన్న పేపర్లు వేస్తుంది. 1967 నుంచి వస్తున్న 'టీసోల్ క్వార్టర్లీ'లో పేపర్లు పెద్దవి, సిద్ధాంత చర్చ ఎక్కువ. 'జర్నల్ ఆఫ్ సెకండ్ లాంగ్వేజ్ రైటింగ్' అచ్చంగా మీ విషయానిదే, పోటీ కూడా అలాగే ఉంటుంది. ఒక్కో జర్నల్ రెండేళ్ల సంచికలు తిరగేయండి. మీరు ప్రస్తావించదగిన పేపర్లు మూడైనా కనిపిస్తే ఆ జర్నల్ పాఠకులు మీ పేపర్ చదువుతారు. ఒక్కటీ కనిపించకపోతే పేరు ఎంత పెద్దదైనా వదిలేయండి. పద పరిమితి, ప్రస్తావనల పద్ధతి ఆ జర్నల్ చెప్పినట్టే ఉండాలి. ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం నిషిద్ధం. రివ్యూ ప్రతిలో మీ పేరు, స్కూల్ పేరు తీసేయండి. ఫైల్ వివరాల్లో కూడా పేరు మిగిలిపోతుంటుంది, చూసుకోండి.

మీ ఇంగ్లీష్ గురించి. ముందు ఫలితాల పట్టిక తయారుచేయండి, తర్వాత ఎలా చేశారో రాయండి, తర్వాత ఉపోద్ఘాతం. సారాంశం అన్నిటికన్నా చివర. ఈ వరుసలో వెళ్తే తెలిసినదాని గురించి రాస్తుంటారు కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి. పొట్టి వాక్యాలు చాలు. ఎక్కడైనా ఆగిపోతే, చెప్పదలచుకున్నది స్నేహితురాలికి మీ మాతృభాషలో చెప్పి చూడండి. అక్కడా చెప్పలేకపోతే ఇబ్బంది ఇంగ్లీష్‌ది కాదు, ఆలోచన ఇంకా తేలలేదన్నమాట. ఏఐ టూల్స్‌తో వ్యాకరణం సరిచూసుకుంటే ఆ జర్నల్ నియమాల ప్రకారం ఆ సంగతి చెప్పండి. ప్రస్తావనలు మాత్రం వాటిని అడగకండి, లేని పేపర్లను ఉన్నట్టు రాసిస్తాయి. మీరు స్వయంగా తెరిచి చదవని పేపర్ పేరు మీ జాబితాలో ఉండకూడదు.

ఎడిటర్ నుంచి 'మేజర్ రివిజన్', అంటే పెద్ద సవరణలు చేసి మళ్లీ పంపమని వస్తే బాధపడకండి, అది మంచి వార్త. రివ్యూయర్ అన్న ప్రతి మాటకీ విడివిడిగా జవాబు రాసి, ఎక్కడ మార్చారో పేజీతో సహా చూపించండి. ఒప్పుకోని చోట కారణం మర్యాదగా చెప్పొచ్చు. తిరస్కరించినా వాళ్ల వ్యాఖ్యలు ఉంచుకుని, సవరించి, ఇంకో జర్నల్‌కి పంపండి.

పీహెచ్‌డీ దరఖాస్తు నాటికి పేపర్ అచ్చు కాకపోవచ్చు. పరిశీలనలో ఉందని నిజాయతీగా రాయండి. ఇంటర్వ్యూలో ఏం లెక్కపెట్టారు, ఎందుకు అదే లెక్కపెట్టారు అని అడుగుతారు. ఆ జవాబు తయారవ్వాలంటే, అనుమతులు చేతికి రాగానే మొదటి వారం వ్యాసాలు పది, ఆరో వారం వ్యాసాలు పది ముందు పెట్టుకుని భూతకాల క్రియలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. వచ్చిన సంఖ్యలు తీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి.